జీపులా కట్టేసిన లాంచి

ఆ రోజుల్లో మా కోరాపుట్ కొండల్లో మగవాడి ధైర్యాన్ని కొలవడానికి ఒకటే కొలబద్ద ఉండేది. ఘాట్ రోడ్డు ఎక్కుతున్న జీపు వెనక్కి జారడం మొదలుపెడితే వాడు కిందికి దూకి చక్రం కింద రాయి పెట్టగలడా, లేదా? ఆ పరీక్షలో నేనెప్పుడూ నెగ్గేవాణ్ణి. (నెగ్గింది ధైర్యం వల్ల కాదు. జారుతున్న జీపులో కూర్చోడానికి భయం వేసి అందరికంటే ముందు దూకేసేవాణ్ణి. దూకినవాడి చేతిలో రాయి ఉంటే వీరుడంటారు, లేకపోతే పిరికివాడంటారు. అందుకని బయల్దేరేటప్పుడే ఒక రాయి ఏరుకుని ఒళ్లో పెట్టుకునేవాణ్ణి.) ఈ చిన్న కిటుకుతో నాకు వర్క్‌షాపులో మంచి పేరే వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆగలేదు. మా కుటుంబంలో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయ్యాక ఆకూ వక్కా నములుతూ మా బావ ఒక కథ చెబుతాడు. నిండు జలాశయం, కుంభవృష్టి, మునిగిపోతున్న లాంచి, అందులో ఒంటరిగా ఒక నర్సమ్మ. ఒడ్డు మీంచి నేను బాణంలా నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వెళ్లి ఆవిణ్ణీ లాంచినీ కాపాడటం. ఇన్నేళ్లలో ఆ కథ నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ తల దించుకుని నవ్వాను. చూసేవాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. మొన్న రాయగడలో మా మేనకోడలి పెళ్లిలో ఆ కథలోకి ఒక మొసలి కూడా వచ్చి చేరింది. మొసలి దాకా వచ్చాక ఇంక ఊరుకోకూడదనిపించింది. అందుకే ఇది.

మా నాన్న రాయగడ రైల్వేలో గేట్‌మన్. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఏటి గట్టుకి పోనివ్వకుండా ఉండటానికి, నాగావళిలో కాళ్లు పట్టుకుని లాగే ముసలిది ఉందని చెప్పింది. నేను ఆ మాట నమ్మాను. మీసాలొచ్చాక కూడా నమ్మాను. బావి దగ్గర స్నానం చేసేటప్పుడు కూడా చేద వైపే చూస్తూ ఉండేవాణ్ణి. అలాంటి నన్ను, పదో తరగతి తప్పి స్టేషన్ చుట్టూ తిరుగుతున్నవాణ్ణి, మా బావ తీసుకెళ్లి తాను ఫోర్‌మన్‌గా ఉన్న డ్యాము వర్క్‌షాపులో హెల్పరుగా పెట్టుకున్నాడు. పని జీపులూ లారీలూ బాగుచేయడం. డ్యాము అప్పుడే పూర్తయి, లోయలో నీళ్లు నిలబడుతున్నాయి. లోయలోని ఊళ్లు మునిగాయి, ఊళ్లకు వెళ్లే దారులు మునిగాయి. అక్కడి జనం కొండల అంచుకు ఎక్కి గుడిసెలు వేసుకున్నారు.

సర్వే కోసమని ప్రాజెక్టువాళ్లు ఒక చిన్న లాంచి తెప్పించారు. ముందు ఇద్దరు నిలబడే జాగా, మధ్యలో రేకు కప్పుతో ఓ గది, గదిలో అటొకటి ఇటొకటి బల్లలు, వెనక డీజిల్ ఇంజను. అంతే. దాన్ని నడిపిన సరంగు గోదావరి మనిషి. సర్వే అయ్యేసరికి కొండ చలికీ మలేరియాకీ దణ్ణం పెట్టి ఊరికి పోయాడు. పోతూ పోతూ లాంచిని ఒడ్డునున్న చెట్టు మొద్దుకి పొడుగాటి కొబ్బరి తాడుతో వదులుగా కట్టి పోయాడు. పలుపు తాడు మీద మేసే గేదెలా లాంచి అటూ ఇటూ తిరుగుతుండేది. “సూడ్రా, గోదారోళ్ల బద్దకం! బండి నిలపడవంటే ఇదేనేటి?” అన్నాడు మా బావ. నాకూ అలాగే అనిపించింది. మా కొండల్లో బండి జానెడు కదిలిందంటే లోయలో ఉన్నట్టే లెక్క.

సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది. పాలకొండ వైపు మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయేమో, పెళ్లి కాలేదు. నీళ్లకు అవతల కొండ అంచున ఉన్న గుడిసెలన్నిటికీ మందులూ సూదులూ పురుళ్లూ చూడాల్సిన నర్సు. అందరూ సిస్టరమ్మ అనేవారు. ఒక రేకు పెట్టె, ఒక చాప, ఒక కత్తిపీట పట్టుకుని బస్సు దిగి, ముందు అద్దె ఇంటి కోసం తిరిగింది. కోరాపుట్లో అడిగింది, డ్యాము దగ్గరి బస్తీలో అడిగింది. మన తెలుగువాళ్ల ఇళ్లల్లోనే ఎక్కువ అడిగింది. అందరిదీ ఒకటే ప్రశ్న: “ఇంటాయన ఏడమ్మా?” నాలుగు గుమ్మాలు ఓపిక పట్టి, అయిదో గుమ్మంలో మా అక్క వింటుండగానే అందట: “ఇంటాయనా లేడు, ఇల్లూ లేదు. రెండూ ఉంటే నీ గుమ్మంలో నిలబడతానేటమ్మా?” ప్రాజెక్టు క్వార్టర్లు ఇతర శాఖలవాళ్లకి ఇవ్వరు. పని చేసే చోట ఉండటానికి ఇల్లు చూసుకోలేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పోతే ఆవిడ మళ్లీ పాలకొండలో అన్నగారింటి వసారాలో, వదినగారి వంటకి నీళ్లు తోడుతూ ఉండాలి. ఆ సాయంత్రం నీళ్ల ఒడ్డున పెట్టె మీద కూర్చుని, ఎదురుగా ఊగుతున్న లాంచిని చూసి ఆవిడ అనుకుందట, దీనికి కప్పుంది, తలుపుంది, అద్దె అడిగే గుమ్మం లేదు అని.

మర్నాడు పెద్ద ఇంజనీరు సాహెబు దగ్గరికి వెళ్లి, లాంచి ఇస్తే అందులోనే ఉంటాను, అందులోనే ఊళ్లు తిరుగుతాను అంది. సాహెబు ఒడియా మనిషి, మాతో హిందీ మాట్లాడేవాడు. “బోట్ మే? అకేలీ?” పడవలోనా, ఒంటరిగానా అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. వానాకాలం వెళ్లేదాకా చూస్తాను, ఈలోగా ఒక్క ప్రమాదం జరిగినా దించేస్తాను, లాంచి గెస్ట్‌హౌస్ అతిథుల షికార్లకి వెళ్లిపోతుంది అన్నాడు. ఆవిడ తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది?

ఇంజను నేర్పడానికీ, లాంచిని చూసుకోవడానికీ ఒక మనిషి కావాల్సొచ్చింది. మా బావ నా వైపు చూశాడు. నాకు నీళ్లంటే భయం అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అంతలోనే ఆయన “మావోడికి బయం అన్న మాటే తెల్దు సిస్టరమ్మా!” అని నా వీపు మీద చరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్లి, “లాంచీని గట్టిగా కట్టు. అది కదిలిందంటే నీ ఉజ్జోగం కదిలిపోద్ది” అన్నాడు.

కట్టాను. సరంగు తాడు విప్పి పారేయబోతే సిస్టరమ్మ వద్దని తీసుకుని, గది పక్కన రేకు చూరు కింద ఇనప కమ్మీలకి బట్టలారేసుకునే తాడు చేసుకుంది. నేను లారీలు లాగే ఉక్కు వైరు తెచ్చి, ఒక కొస మొద్దుకి చుట్టి, రెండో కొస లాంచి ముక్కుకున్న రింగుకి పెద్ద ఇనప కొక్కెంతో బిగించాను. కొక్కేనికి నట్టు ఉంటుంది. పదిహేడో నంబరు స్పానర్‌కి పైపు తొడిగి, దాని మీద వేలాడి మరీ బిగించాను. లాంచి ముక్కు మొద్దుకి బెత్తెడు దూరంలో, కదలకుండా మెదలకుండా, దొంగని స్తంభానికి కట్టేసినట్టు నిలబడింది. మా బావ వచ్చి కాలితో తన్ని చూసి, “ఇదీ కట్టడవంటే!” అన్నాడు.

సిస్టరమ్మకి మాత్రం అనుమానం వచ్చింది. “ఇంత బిగువెందుకు తమ్ముడూ? పాపం, అది కాస్త ఊగితే ఏటి?”

“ఊగితే జారుతుంది సిస్టరమ్మా. జారిందంటే లోయలోకే.”

“లోయ మీదే కదా ఉన్నాం” అని ఆవిడ నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకంటే ఆ మాట నిజం. ఆ రోజు నుంచీ లాంచి మీద కాలు పెట్టిన ప్రతిసారీ, నా అరికాలికీ లోయ అడుక్కీ మధ్య ఉన్నది బెత్తెడు చెక్క మాత్రమే అని గుర్తొచ్చేది.

ఆవిడకి భయం లేదనుకునేరు. మొదటి రాత్రి గడిచాక పొద్దున్నే వెళ్తే, కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని, తలుపుకి అడ్డంగా కత్తిపీట పెట్టుకుని కూర్చుని ఉంది. “రాత్రంతా ఎవులో తలుపు కొట్టేరు తమ్ముడూ. ఎవులదీ అంటే పలకరు. మళ్లీ కొడతారు” అంది. నీళ్లు చెక్కకి కొట్టుకునే చప్పుడు అది. వెలుగులో ఇద్దరం కూర్చుని విన్నాం. టక్, టక్, కాసేపు ఆగి మళ్లీ టక్. తెలిసి విన్నా మా ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. పోయి మా అక్క దగ్గర పడుకోండి అన్నాను. “ఒక్క రాత్రి ఎల్తే రోజూ ఎల్లాల. బయపడ్డోళ్లు ఎల్లడానికి ఓ ఇల్లుండాల తమ్ముడూ. నాకు ఇదే ఇల్లు” అంది. నాకేమో క్వార్టర్లో మంచం, మంచం చుట్టూ నాలుగు ఇటిక గోడలు ఉన్నాయి. నేను భయపడటానికి అన్ని వసతులూ ఉన్నాయి.

ఒక పురుడు పోసినందుకు అవతలి ఒడ్డువాళ్లు ఆవిడకి ఓ ఎర్రకోడి ఇచ్చారు. కూర వండుకోకుండా లాంచిలోనే ఉంచుకుంది, ఇంకో ప్రాణి పక్కనుంటే ధైర్యమట. ఆ కోడి నాకంటే పిరికిది. ఇంజను మోగగానే ఎగిరి రేకు కప్పెక్కి, మళ్లీ ఇంజను ఆగేదాకా ఒంటికాలి మీద నిలబడి ఉండేది. నేను కిందనే కమ్మీ పట్టుకుని రెండు కాళ్ల మీదా నిలబడి ఉండేవాణ్ణి. తేడా అంతే.

ఇంజను స్టార్టు చేయడం ఇద్దరు మనుషుల పని. ఒకరు హ్యాండిల్ పట్టుకుని బలంగా తిప్పాలి, ఊపందుకోగానే రెండోవాళ్లు పైనున్న పిడి వాల్చాలి. సిస్టరమ్మ తిప్పేది, నేను వాల్చేవాణ్ణి. (హోదా ప్రకారం అటుదిటు కావాలి. కానీ తిప్పేటప్పుడు వంగాలి, వంగితే నీళ్లు కనిపిస్తాయి.) నడపడం మాత్రం ఆవిడ తొందరగానే నేర్చుకుంది. బయల్దేరేటప్పుడు కొక్కెం విప్పడం, రాగానే మళ్లీ బిగించడం నా పని. ఊళ్లవాళ్లు కూడా ఎక్కేవారు. మొదటిసారి ఒక ముసలాయన ఎక్కి, జలాశయం నడిమధ్యకి రాగానే చెయ్యెత్తి, “బంద్ కరొ దీదీ, బంద్ కరొ” అన్నాడు. ఇంజను ఆపమంటున్నాడు. ఎందుకని అడిగితే కిందికి చూపించాడు. అక్కడ వాళ్ల ఊరుందట. ఇళ్ల నెత్తి మీద చప్పుడు చేసుకుంటూ పోకూడదట. ఊరిదేవత అక్కడే ఉండిపోయిందట. గుప్పెడు బియ్యం నీళ్లలో చల్లాడు. ఆ తర్వాత ఆ చోటికి వస్తే ఎవరెక్కినా ఇంజను ఆపడం అలవాటైంది. లాంచి దానంతటది ఆకులా తేలుకుంటూ పోయేది. చప్పుడు లేదు. ఒకసారి చూడొద్దనుకుంటూనే కిందికి చూశాను. పచ్చటి నీళ్ల లోపల చెట్ల తలలు, ఎండిపోయినవి, చేతులు చాపినట్టు పైకి చూస్తున్నాయి. మా అమ్మ చెప్పిన నాగావళి ముసలిది అడ్రసు మార్చి ఇక్కడికి వచ్చేసిందని ఆ రోజు నాకు రూఢి అయిపోయింది. సిస్టరమ్మ మాత్రం వంగి చూస్తూ, “తాతా, మీ ఇల్లెక్కడ?” అని అడిగింది. ముసలాయన కాస్త దూరం పోనిచ్చి, వేలితో చూపించి, ఏదో అని నవ్వాడు. “ఇప్పుడు ఈయన పెరట్లో ఉన్నావంట తమ్ముడూ. కాళ్లు కడుక్కుని రమ్మంటన్నాడు” అంది. నేను నవ్వలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఎగువన కొండల్లో పగలూ రాత్రీ తెరిపి లేదు. లాంచి బయటికి తీయొద్దని సాహెబు కబురు పెట్టాడు. నేను వర్క్‌షాపులో జీపు కింద వెచ్చగా పడుకుని ఉన్నాను. ఒక మధ్యాహ్నం మా అక్క పప్పూ అన్నం కట్టిచ్చి, “ఒరే, సిస్టరమ్మకి ఇచ్చిరారా. ఎలాగుందో ఏటో, పాపం” అంది. గొడుగేసుకుని ఒడ్డుకి దిగాను.

దిగి చూస్తే నేను కట్టిన మొద్దు లేదు. ఎగువ వరదకి నీళ్లు కొన్ని గంటల్లోనే దాని మీదికి వచ్చేశాయి. లాంచి ఒడ్డుకి చాలా దూరం జరిగినట్టు కనిపించింది. జరిగింది లాంచి కాదు, ఒడ్డు. నీళ్లు పెరిగే కొద్దీ లాంచి పైకి లేవాలి కదా? నేను లేవనివ్వలేదు. ఉక్కు వైరు అడుగునున్న మొద్దుకి పట్టుకుని, లాంచి ముక్కుని నీళ్లలోకి లాగేస్తోంది. వెనకభాగం పైకి లేచి, అడుగున నీళ్లలో తిరిగే ఫ్యాను బయటపడి, లాంచి మొత్తం నీళ్లు తాగడానికి వంగిన గేదెలా ఉంది. ముక్కు మీంచి నీళ్లు లోపలికి దొర్లుతున్నాయి. గోదావరి సరంగు అంత పొడుగు తాడు ఎందుకు వదిలాడో నా బుర్రకి అప్పుడు, ఆ క్షణంలో ఎక్కింది. కోడి రేకు కప్పు మీద అరుస్తోంది. సిస్టరమ్మ గుమ్మంలో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

“తమ్ముడూ! ఇప్పు! ఇప్పీ దీన్ని!”

“దూకేయండి సిస్టరమ్మా!” అని అరిచాను.

“నాకు ఈత రాదు!”

“నాకూ రాదు!”

ఇంతకాలం నేను దాచుకున్న రహస్యం అలా కేకేసి చెప్పేశాను. ఆవిడ ముఖంలో ఒక్క క్షణం వచ్చిన భావం నాకిప్పటికీ గుర్తుంది. కోపం కాదది. మెట్టు ఉందనుకుని కాలు పెడితే లేకపోతే మనిషి ముఖం ఎలా ఉంటుందో, అది.

“బావని పిలుచుకొస్తా!” అని వెనక్కి తిరిగాను. (ఇక్కడ మా బావ కథలో నేను బాణంలా దూకుతాను. వాస్తవానికి బాణం వెనక్కి తిరిగింది.)

“నువ్వొచ్చేలోగా ఇది మునిగిపోద్ది! స్పానరుందా?”

ఉంది. జేబులో ఎప్పుడూ ఉండేదే.

“విసురు!”

“పడిపోతుంది!”

అప్పుడావిడ బట్టల తాడు విప్పింది. సరంగు తాడే. దాని మీద ఆరేసిన తెల్లకోటూ లంగా జాకెట్లూ తీయడానికి కూడా ఆగకుండా, ఒక కొస కమ్మీకి కట్టి, రెండో కొసకి గంటె కట్టి గిరగిరా తిప్పి విసిరింది. రెండోసారికి నా కాళ్ల దగ్గర పడింది. “స్పానరు కట్టు! నాను లాక్కుంటాను!” అంది. చాలా తేలికైన పని. చిన్నపిల్లాడైనా చేస్తాడు. నేను స్పానర్ పిడికిట్లో పట్టుకుని, తాడు నా మణికట్టుకి చుట్టుకున్నాను. ఎందుకని అడగొద్దు. భయంలో చేతులకి సొంత బుద్ధి ఉంటుంది. ఏదో ఒకటి గట్టిగా కట్టేయడం ఒక్కటే వాటికి వచ్చు. నేను స్పానర్ కట్టాననుకుని ఆవిడ బలంకొద్దీ లాగింది. బురదలో నా కాళ్లు జారాయి. గొడుగు ఒకవైపు, పప్పూ అన్నం ఇంకోవైపు, నేను నీళ్లలోకి.

కళ్లు మూసుకున్నాను. ముక్కులో, చెవుల్లో నీళ్లు. కాలికి ఏదో తగిలింది. మునిగిన కొమ్మే అయ్యుంటుంది. నాకు మాత్రం అది చెయ్యి. రాయగడ మజ్జిగౌరమ్మకి నేను ఆ రోజు మొక్కిన మొక్కులు తీర్చాలంటే ఒక మందనిండా మేకపోతులు కావాలి. ఇంతలో ఎవరో నా జుట్టు పట్టుకుని పైకి ఈడ్చారు. లాంచి ముందు చెక్క మీద పడ్డాను. మెడ చుట్టూ తెల్లకోటు, మొహం మీద తడిలంగా. ఆవిడ నా పిడికిలి విప్పడానికి చూసింది, రాలేదు. ఒక్కొక్క వేలే విరిచినట్టు తీసి స్పానర్ లాక్కుంది. నీళ్లలోకి తల వేలాడేస్తూ బోర్లా పడుకుని, మోచేతుల దాకా ముంచి నట్టు వెతుక్కుంది.

“ఎటు తిప్పాల?”

“కుడికి!”

తిప్పింది. ఇంకా బిగుసుకుంది. “కుడికి తిప్పితే బిగుస్తాది కదేట్రా!” అని అరిచింది. తమ్ముడు కాస్తా ‘రా’ అయిపోయాడు. అప్పుడు ఎడమవైపు మొత్తం ఒంటి బరువు వేసి లాగింది. నేను పైపు తొడిగి బిగించిన నట్టు. ఆవిడ అరచేయి చీరుకుని నీళ్లు ఎర్రగా అవడం చూశాను. నట్టు వదిలింది. కొక్కెం ఊడింది. లాంచి ముక్కు ఒక్క ఉదుటున పైకి లేచి మా ఇద్దర్నీ గుమ్మంలోకి విసిరేసింది. కోడి కప్పు మీంచి వచ్చి నా పొట్ట మీద పడింది.

బతికామనుకునేలోగా లాంచి గాలికి నడి నీళ్లలోకి కొట్టుకుపోతోంది. ఆవిడ ఇంజను దగ్గరికి పాకింది. “పిడి!” అంది. హ్యాండిల్ తిప్పింది. నేను కళ్లు మూసుకునే పిడి వాల్చాను. ఇంజను దగ్గి, మళ్లీ దగ్గి, అందుకుంది. చరిత్ర సరిదిద్దుతున్నాను కాబట్టి నాకు రావాల్సింది కూడా నేను వదులుకోను. ఆ రోజు నేను చేసిన ఉపకారం ఆ పిడి వాల్చడం ఒక్కటే.

లాంచి తిప్పి ఒడ్డు వైపు తెస్తుంటే, నేనింకా రాలేదని మా అక్క పంపగా మా బావా వర్క్‌షాపువాళ్లూ టార్పాలిన్లు కప్పుకుని పరిగెత్తుకొస్తున్నారు. స్టీరింగుకి రెండు చేతులూ కావాలని సిస్టరమ్మ స్పానర్ నా చేతిలో పడేసింది. నేను మళ్లీ నీళ్లలో పడకుండా ముందున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఒడ్డు మీంచి చూసినవాళ్లకి ఎలా కనిపించిందో ఇప్పుడు ఊహించుకోగలను. తడిసి ముద్దయిన కుర్రాడు, చేతిలో స్పానర్, లాంచి ముందు నిటారుగా. వెనక గదిలో కూర్చుని ఒక ఆడమనిషి. “మా బావమరిదిరా! నీల్లల్లో దూకేసేడురా!” అని మా బావ గంతులేశాడు. నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. పళ్లు టకటకా కొట్టుకుని మాట రాలేదు. వచ్చేసరికి వాళ్లు నన్ను భుజాల మీద ఎత్తేసుకున్నారు. అంత ఎత్తు మీంచి నిజం చెప్పడం ఎంత కష్టమో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున సాహెబు వచ్చాడు. చుట్టూ మేమంతా నిలబడ్డాం. వైరు చూశాడు, కొక్కెం చూశాడు. “కిస్‌నే బాంధా?” అన్నాడు. ఎవరు కట్టారని. మా బావ బూట్ల వైపు చూసుకున్నాడు. కట్టింది నేనంటే నా ఉద్యోగం పోతుంది. అనకపోతే ప్రమాదం ఆవిడ లెక్కలో పడుతుంది, ఇల్లు పోతుంది. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి చీర కొంగులో దాచుకుని నా వైపు చూసింది. నేను చెబుతాననే చూసింది. ఎంతసేపు ఎదురుచూసిందో గానీ, చివరికి తనే సాహెబుకి హిందీలో చెప్పింది. నీళ్లు పెరిగాయి, తాడు పొట్టిదైపోయింది, ఇకమీదట పొడుగు తాడు కడతాం అని. ఎవరి పేరూ ఎత్తలేదు. సాహెబు నా భుజం తట్టి, ఈ కుర్రాడు రోజూ సాయంత్రం వచ్చి చూసుకునేటట్టయితే ఉండు, ఇలాంటి ధైర్యవంతుడు తోడు లేకుండా ఒంటరి ఆడది ఉండటానికి నేను ఒప్పుకోను అన్నాడు.

అందరూ వెళ్లాక నేను ఏడుపు మొహంతో, “సాహెబు దగ్గరికెళ్లి నిజం చెప్పేస్తాను సిస్టరమ్మా” అన్నాను.

“ఇప్పుడేటి సెప్తావు? ఇందాక అడిగినప్పుడే ఒగ్గీసినావు కదా. ఇప్పుడు సెప్పినావంటే నీ ఉజ్జోగమూ పోద్ది, నా లాంచీ పోద్ది. నోరు మూసుకుని ఈరుడిగా ఉండు” అంది. తర్వాత కాస్త మెత్తబడి, “నాను పెర్మనెంటు అయ్యేక సెప్పు. తప్పకుండా సెప్పాల సుమా” అంది.

అలా ఆవిడ ఇంటికి నేను హామీ అయ్యాను. ప్రతి సాయంత్రం వణుక్కుంటూ లాంచి ఎక్కేవాణ్ణి. ఆవిడ సరంగు తాడు తనే వదులుగా కట్టుకుని, టీ ఇచ్చేది. నేను తాగి, కోడికి నమస్కారం పెట్టి, దిగొచ్చేవాణ్ణి. ఊరంతా “పాపం, ఆ కుర్రోడుండబట్టి ఆవిడ ఉండగలుగుతోంది” అనుకునేది. ఆ నీళ్ల మీద ఆవిడ చాలా వానాకాలాలు ఒంటరిగా గడిపింది, ఎన్నో పురుళ్లు పోసింది. అదంతా నా ఖాతాలో జమైంది. ఆవిడ పెర్మనెంటు అయ్యింది. కానీ అప్పటికి మా బావ ఆ కథ చెప్పి పార్వతీపురంలో నాకు సంబంధం కుదిర్చేశాడు. మా మామగారు “ఆస్తిదేవుంది, కుర్రోడు దైర్నవంతుడు” అని పిల్లనిచ్చారు. ఇంక ఏ మొహంతో చెప్పను? కాశీపూర్ బదిలీ అయి వెళ్తూ సిస్టరమ్మ, “సెప్తావా మరి?” అంది. చెప్తానన్నాను. కోడి పిల్లల పిల్లల్ని బుట్టలో పెట్టుకుని బస్సెక్కింది.

మొన్న మేనకోడలి పెళ్లికి మా అక్క ఆవిణ్ణి పిలిచింది. జుట్టంతా తెల్లబడింది. అరచేతిలో గీత ఉంది. భోజనాలయ్యాక మా బావ మొదలుపెట్టాడు. నిజంగా ఉన్న కోడి ఎప్పుడో కథలోంచి ఎగిరిపోయింది, లేని మొసలి ఇప్పుడు ఈదుకుంటూ వచ్చింది. నేను స్పానర్‌తో దాని నెత్తి మీద కొట్టానట. పిల్లలు నోళ్లు తెరుచుకు విన్నారు. బావ ఉత్సాహం పట్టలేక, “సిస్టరమ్మా, తవరే సెప్పండి, ఆ మొసలి ఎంతుంటాది?” అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. ఆనాడు సాహెబు ముందు చూసిన చూపే. నేను మళ్లీ తల దించుకుని నవ్వాను.

“మొసల్ని నాను సూడనేదు బావూ. నాను తాడు లాగతన్నాను కదా” అంది.

అందరూ పగలబడి నవ్వారు. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు.

ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున మా ఆవిడ పెరట్లో బట్టలారేస్తోంది. మా పెరట్లో బట్టల తాడు పెళ్లయిన నాటి నుంచీ నేనే కడతాను. ఎప్పుడూ వదులుగానే కడతాను. చీరలు నేలకి తగిలి మట్టవుతున్నాయని ఆవిడ ఇన్నేళ్లుగా తిడుతూనే ఉంది. నేను ఏది కట్టినా అంతే. ఆ రోజు మాత్రం తిట్టలేదు. తడిచీర చేతిలో పట్టుకుని, సాగిపోయిన తాడు వైపు కాసేపు చూసి, “ఏవండీ, ఆ రోజు సిస్టరమ్మ లాగిన తాడుకి రెండో చివర ఎవరున్నారు?” అంది.

చెప్పాను. పొట్ట మీద పడ్డ కోడి దాకా చెప్పాను. విన్నంతసేపూ ఆవిడ మొహం చూడ్డానికి, నీళ్లలోకి తొంగి చూసినంత భయం వేసింది. అంతా విని చీర తాడు మీద వేసింది. అంచు నేలకి తగిలింది. నేను తాడు బిగించబోయాను.

“ఉండనీండి. వదులుగానే ఉండనీండి” అంది.